మూతి నుంచి మందు దట్టించే జంట గొట్టాల తుపాకిని వేటకు ఎంచుకోవడం ఎలా

జంట గొట్టాల తుపాకి అంటే ఒకే కర్రకు బిగించిన రెండు తుపాకులు. కొనబోయే ముందు ఈ మాటను గట్టిగా పట్టుకుంటే తర్వాత పడే చిక్కులు చాలావరకు తప్పుతాయి. గొట్టాలు రెండు, పేల్చే యంత్రాంగమైన లాకులు రెండు, దెబ్బ కొట్టే హ్యామర్లు రెండు, దెబ్బకు మండి మందును అంటించే చిన్న క్యాప్‌ను ఎక్కించే నిపుళ్ళు రెండు, ట్రిగ్గర్లు రెండు. వీటిలో కుడివైపువి నిక్షేపంగా ఉండి ఎడమవైపువి పాడై ఉండవచ్చు. కాబట్టి ప్రతి పరీక్షనూ రెండుసార్లు చేయాలి. ఆపైన ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నది మూడోసారి చూడాలి. తూటా వాడే తుపాకిలో మందు ఎంత, పెల్లెట్లు, అంటే చిన్న లోహపు గుండ్లు, ఎన్ని అన్నది కర్మాగారమే నిర్ణయించి మూసి ఇస్తుంది. మూతి నుంచి దట్టించే తుపాకిలో ఆ పని వేటగాడి చేతిలోనే ఉంటుంది గనుక, గొట్టం బలం విషయంలో ఊహతో సరిపెట్టుకునే వీలు లేదు.

చట్టం సంగతి ముందుగా తేల్చుకోవాలి. కొన్ని దేశాల్లో పాతకాలపు మజిల్ లోడర్లకు, అంటే మూతి నుంచి దట్టించే తుపాకులకు, సడలింపులు ఉంటాయి. మరికొన్నింటిలో వాటికీ ఆధునిక తుపాకులకూ ఒకే లైసెన్సు వర్తిస్తుంది. తుపాకిమందు కొనడానికీ నిల్వ చేయడానికీ వేరే అనుమతి కావలసిన చోట్లూ ఉన్నాయి. వేట నిషేధం ఉన్న చోట ఈ తుపాకిని వేట కోసం ఎంచుకోవడమన్న ప్రశ్నే రాదు.

ఆ తర్వాత, ఏ వేటకు అన్నది. ఇది దగ్గరి దూరపు తుపాకి. పాత మజిల్ లోడర్లలో అత్యధికం మొదటి నుంచి చివరి వరకు ఒకే వెడల్పుగల గొట్టాలతో వచ్చాయి. మూతి దగ్గర గొట్టాన్ని కాస్త ఇరుకు చేసే చోక్ పద్ధతి 1870ల నుంచి గానీ విస్తృతంగా వాడుకలోకి రాలేదు. చోక్ లేని గొట్టం 40 గజాల దూరంలో, 30 అంగుళాల వలయంలోకి సుమారు 40 శాతం పెల్లెట్లను పంపుతుందని లెక్క. ఫుల్ చోక్ అయితే అది 70 శాతం దాకా ఉంటుంది. అంటే చోక్ లేని తుపాకితో 25, 30 గజాల లోపు లేచే పక్షినీ, పొదలోంచి పరుగుతీసే కుందేలునూ కొట్టవచ్చు గానీ, ఎత్తున ఎగిరిపోతున్న బాతుపై ఆశ పెట్టుకోవడం ఆ పక్షిని గాయపరచి వదిలేయడమే అవుతుంది. మీ వేట ఎక్కువగా దగ్గరి దూరంలోనే అయితే చోక్ లేకపోవడం లోపం కాదు, పైగా మేలు. ఎందుకంటే మందు మీద బిగువుగా కూర్చోవలసిన అట్ట బిళ్ళ మూతి గుండానే లోపలికి వెళ్ళాలి. మూతి ఇరుకై ఉంటే గొట్టానికి సరిపోయే బిళ్ళ మూతిలో పట్టదు, మూతిలో పట్టిన బిళ్ళ గొట్టంలో వదులవుతుంది. దూరపు కొట్టుడు తప్పదనుకునేవారు రెండు దారులు చూడవచ్చు. మరతో బిగించే చోక్‌లు ఉన్న కొత్త తుపాకి తీసుకుని, దట్టించిన తర్వాత చోక్ బిగించే అలవాటు చేసుకోవడం ఒకటి. అయితే నిండిన గొట్టం మూతి దగ్గర చేతులు పెట్టి పనిచేయవలసిన ఆ పద్ధతి నాకు నచ్చదు. రెండోది, మూతిని తగ్గించకుండా దానికి కాస్త వెనక గొట్టం లోపలిని కొద్దిగా వెడల్పు చేసే జగ్ చోక్. గొట్టం గోడ తగినంత మందంగా ఉంటేనే గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే పనివాడు, ఆ పని చేయగలడు.

ఇక బోర్. ఒక పౌండు సీసాన్ని, అంటే 453.6 గ్రాములను, పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. ఇరవై గుండ్లుగా పోస్తే 20 బోర్. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 10 బోర్ లోపలి వెడల్పు 19.7 మిల్లీమీటర్లు, 12 బోర్‌ది 18.5, 16 బోర్‌ది 16.8, 20 బోర్‌ది 15.6. మొదటిసారి కొనేవారికి నేను 12 బోర్‌నే చెబుతాను. దీనికి తగిన అట్ట బిళ్ళలు, ఫెల్ట్ బిళ్ళలు సులువుగా దొరుకుతాయి. సుమారు 32 గ్రాముల పెల్లెట్లతో చిన్న పక్షి నుంచి కుందేలు వరకు పని జరుగుతుంది. తుపాకి బరువు మూడు, మూడున్నర కిలోల మధ్య ఉండి రోజంతా మోయడానికీ, వెనక్కి తన్నే దెబ్బను తట్టుకోవడానికీ వీలుగా ఉంటుంది. 25 గ్రాముల దగ్గర నిలిచే 20 బోర్ చేతికి తేలిక, చిన్న పక్షులకు చక్కనిది. కానీ దానికి పెద్ద మోతాదు పోసి 12 బోర్ పని చేయించబోతే పెల్లెట్ల చెదరడమూ పాడవుతుంది, భుజమూ నొస్తుంది. 10 బోర్ నీటి పక్షుల కోసం, అదీ బరువైన తుపాకిని ఒకచోట కూర్చుని వాడేవారికి.

పాత తుపాకుల్లో మరో చిక్కు ఉంది. వాటిలో చాలావాటి మీద 13, 14, 15 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి పొరపాటున వేసినవి కావు, ఆనాటి తయారీదారులు ఆ కొలతల్లోనే చేశారు. అటువంటి తుపాకికి అంగట్లో దొరికే 12 బోర్ బిళ్ళ సరిపోదు, కొలతకు తగిన పంచ్ చేయించుకుని అట్ట నుంచి స్వయంగా కొట్టుకోవలసి ఉంటుంది. అంకెను మాత్రమే నమ్మకుండా, గొట్టం లోపలి వెడల్పును కొలిచే సాధనంతో మూతి దగ్గరా, కాస్త లోపలా కొలిపించి చూడండి. తుప్పు తీయడానికి పదేపదే అరగదీసిన గొట్టం ముద్రలో ఉన్న అంకె కంటే వెడల్పుగా ఉంటుంది. ఆ తేడా అంతా గోడ మందం నుంచి పోయినదే.

పెల్లెట్ల లోహం కూడా ఎంపికను మార్చేస్తుంది. అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసం వాడకాన్ని 1991 నుంచి దేశమంతటా ఆపివేశారు. ఐరోపా సమాఖ్యలో చిత్తడి నేలల్లోనూ వాటి చుట్టుపక్కలా 2023 ఫిబ్రవరి నుంచి సీసపు పెల్లెట్లు కాల్చరాదు. సీసానికి బదులు ఉక్కు పెల్లెట్లు వాడదామంటే పాత మెత్తని ఇనుప గొట్టాలను అవి గీరి పాడుచేస్తాయి. అలాంటి చోట వేటాడేవారు బిస్మత్ వంటి మెత్తని లోహానికి అయ్యే ఖర్చును ముందే లెక్కలోకి తీసుకోవాలి, లేదా ఉక్కు పెల్లెట్లకు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా రాసి ఇచ్చిన కొత్త తుపాకిని చూసుకోవాలి.

పాతదా, కొత్తదా అన్నది మనసుకు సంబంధించిన ప్రశ్న కూడా. స్కాట్లండ్‌కు చెందిన ఫోర్సిత్ అనే మతగురువు, చెకుముకి తుపాకి పళ్ళెంలో మెరుపును చూసి పక్షులు తప్పుకుంటున్నాయని గమనించి, దెబ్బ తగిలితే మండే రసాయనంతో పనిచేసే లాక్‌కు 1807లో పేటెంట్ పొందాడు. ఆ తర్వాత వచ్చిన రాగి క్యాప్‌తో కలిసి జంట గొట్టాల వేట తుపాకి ఒక రూపానికి వచ్చింది. ఆనాటి మంచి తుపాకిని భుజానికి ఎత్తితే అది దానంతట అదే గురివైపు కదులుతున్నట్టు ఉంటుంది. ఆ తూకం ఇప్పటి నకళ్ళలో అరుదు. అయినా, పరీక్షించి చెప్పగల గన్‌స్మిత్ అందుబాటులో లేనివారు, మొదటిసారి ఈ దారిలోకి వస్తున్నవారు కొత్తగా తయారైన తుపాకినే తీసుకోవడం మంచిది. గొట్టం ఆధునిక ఉక్కుది, నిపుళ్ళు, స్ప్రింగులు దొరుకుతాయి, ఎంత మందు పోయవచ్చో రాసిన పుస్తకం వెంట వస్తుంది.

పాత తుపాకిని చేతిలోకి తీసుకున్న మరుక్షణం చేయవలసిన పని ఒకటుంది. అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. మూతి నుంచి దట్టించిన తుపాకి నిండుగా ఉన్నా బయటికి ఏమీ కనిపించదు. దశాబ్దాల పాటు గోడకు వేలాడిన తుపాకుల్లో మందు, పెల్లెట్లు అలాగే ఉండిపోవడం జరుగుతూనే ఉంటుంది. నిపుళ్ళ మీద క్యాపులు లేవని చూసి, మూతిని ఎవరివైపూ తిప్పకుండా, దట్టించే కడ్డీని ఒక గొట్టంలోకి అది ఆగేదాకా దించండి. మూతి అంచున కడ్డీ మీద వేలితో గుర్తు పట్టుకుని బయటికి తీయండి. అదే కడ్డీని గొట్టం పక్కన బయట పెట్టి, వేలు మూతి అంచుకు వచ్చేలా పట్టుకుంటే, కడ్డీ కొస నిపుల్ ఎదురుగా దాకా చేరాలి. మూడు నాలుగు వేళ్ళ వెడల్పు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అప్పుడు పరీక్ష అక్కడితో ఆపి గన్‌స్మిత్‌కు అప్పగించాలి. రెండో గొట్టానికీ ఇదే పద్ధతి.

ఖాళీ అని తేలిన తర్వాత గొట్టాలను కర్ర నుంచి విడదీయమని అడగండి. చాలా తుపాకుల్లో వెనుక కొక్కెంతో, ముందు ఒక చీలతో గొట్టాలు నిలిచి ఉంటాయి. చీలను తోసి, మూతిని పైకెత్తితే ఊడి వస్తాయి. ఇలా సులువుగా ఊడే తుపాకినే ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తుపాకిమందు మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది, వేట ముగిసిన రోజే గొట్టాలను వేడినీటితో కడగాలి. గొట్టాలు ఊడని తుపాకిని కడిగితే నీళ్ళు కర్రలోకీ లాకుల్లోకీ పోతాయి.

ఊడదీసిన గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. మామూలు మోతాదు కంటే ఎక్కువ మందుతో గొట్టాన్ని పరీక్షించి వేసే ముద్రలివి. లండన్‌లో 1637లో రాజపత్రం పొందిన తుపాకి తయారీదారుల సంఘం, 1813 చట్టంతో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్, బెల్జియంలోని లియేజ్, ఇటలీలోని గార్డోనే పట్టణాల పరీక్షా కేంద్రాలు వేసిన ముద్రలు తరచుగా కనిపిస్తాయి. ముద్ర ఉందంటే గొట్టం ఆనాడు నిలిచిందని అర్థం. ఈనాటి తుప్పు గురించి అది ఏమీ చెప్పదు. ముద్రలే లేని తుపాకి ఎంత అందంగా ఉన్నా కాల్చడానికి తీసుకోకండి. ముద్రలు ఉన్నా సరే, పొగలేని ఆధునిక మందును ఇందులో ఎన్నడూ పోయరాదు. పాతదైనా కొత్తదైనా ఈ తుపాకి నల్ల తుపాకిమందుకూ, తయారీదారు అంగీకరించిన ప్రత్యామ్నాయాలకూ మాత్రమే.

గొట్టం మీద మెలికల నగిషీ కనిపిస్తే అది డమాస్కస్ కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికించి చేసిన గొట్టం అది. మంచి పనివాడు చేసినది ఆశ్చర్యపడేంత గట్టిది. అయితే ఆ అతుకులు వేల సంఖ్యలో ఉంటాయి, ఏ అతుకులో తుప్పు దిగిందో పైనుంచి కనబడదు. మామూలు ఉక్కు గొట్టం మీద ఆ నగిషీని పైపైన అద్దిన చౌకబారు తుపాకులు కూడా ఉన్నాయి కాబట్టి, నగిషీని చూసి ధర నిర్ణయించకండి. వెనక నుంచి మూతి దాకా గోడ మందాన్ని కొలిపించడమే సరైన మార్గం. లోపల వెలుగు వేసి చూసినప్పుడు చిన్న చిన్న తుప్పు చుక్కలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. వెనకభాగంలో, మందు మండే చోట, లోతైన గుంటలు ఉంటే మాత్రం ఆ తుపాకి గోడకే పరిమితం. వేలిచివరను గొట్టం పొడవునా బయటివైపు నెమ్మదిగా నడిపించండి. కంటికి అందని సొట్టా, లోపలి నుంచి ఉబికిన వలయమూ వేలికి తెలుస్తాయి.

ఇక రెంటినీ కలిపే పట్టీ, అంటే రిబ్. దీని పరీక్ష చెవితో చేయాలి. గొట్టాలను అడుగున ఉన్న కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి, వేలి కణుపుతో మధ్యలో మెల్లగా తట్టండి. అతుకు గట్టిగా ఉంటే గుడిగంట తగ్గుస్థాయిలో మోగినట్టు, కొన్ని క్షణాలు నిలిచే నాదం వస్తుంది. అతుకు విడిచి ఉంటే చిల్లుపడ్డ కుండను తట్టినట్టు బొంగురుగా, జరజరమని చప్పుడై ఆగిపోతుంది. అతుకు విడిచిన సందులోకి నీరు దిగి, ఎవరికీ కనబడని చోట గొట్టాన్ని తింటుంది. పాత గొట్టాలకు నల్లగా నిగనిగలాడే కొత్త రంగు వేసి ఉంటే మరింత జాగ్రత్త పడాలి. మరిగే క్షారద్రావణంలో ముంచి వేసే రంగు, రిబ్‌ను పట్టి ఉంచే మెత్తని టంకాన్ని కరిగించి తినేస్తుంది. జంట గొట్టాలకు నెమ్మదిగా తుప్పు పట్టించి తెచ్చే గోధుమ రంగే తగినది.

నిపుళ్ళను విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. రెండూ విప్పుకు రావాలి, మరలు చెదిరి ఉండకూడదు. లోపలి సన్న రంధ్రం అరిగి వెడల్పైతే మందు మండినప్పుడు వాయువు వెనక్కి తన్ని, హ్యామర్‌ను ఎత్తేస్తుంది, క్యాపు తునకలు కంటివైపు వస్తాయి. నిపుల్ కొత్తది వేసుకోవచ్చు. అది కూర్చునే గొట్టం భాగమే తినిపోయి ఉంటే మరమ్మతు ఖరీదైనది. హ్యామర్ కొసన గిన్నెలాంటి పల్లం ఉంటుంది, దించినప్పుడు అది క్యాపు చుట్టూ కప్పినట్టు, నడిమధ్యలో కూర్చోవాలి. సులువుగా దొరికే 11 నంబరు క్యాపులు నిపుళ్ళకు సరిపోతే సరఫరా చింత తగ్గుతుంది.

లాకుల పరీక్షలో తొందరపడితే ప్రమాదాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. హ్యామర్‌ను బొటనవేలితో సగం దాకా ఎత్తి నిలపండి. ఆ స్థితిలో ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కినా అది పడకూడదు. పూర్తిగా ఎత్తి, బొటనవేలిని హ్యామర్ వెనక ఆనించి నెట్టండి, జారకూడదు. రెండు హ్యామర్లనూ పూర్తిగా ఎత్తి, ఖాళీ తుపాకి మడమను, అంటే భుజానికి ఆనే కర్ర చివరను, మందమైన గుడ్డ మీద ఒక మోస్తరుగా తట్టండి, ఏదీ పడకూడదు. ఆపైన, ముందరి ట్రిగ్గర్‌తో ఒక హ్యామర్‌ను బొటనవేలి పట్టులో మెల్లగా దించుతూ రెండోది కదలకుండా ఉందో లేదో చూడండి, తర్వాత తారుమారు చేసి చూడండి. ఒక గొట్టం పేలిన అదురుకు రెండోదీ పేలితే, 32 గ్రాముల దెబ్బ 64 గ్రాములదై భుజం మీద పడుతుంది. ట్రిగ్గర్ నొక్కడానికి కావలసిన బలం ఒకటిన్నర నుంచి రెండు కిలోల మధ్య ఉంటే వేటకు బాగుంటుంది. మరీ మెత్తగా కదిలే ట్రిగ్గర్ కొనేవాడికి ముచ్చటగా తోస్తుంది గానీ, చలిలో మొద్దుబారిన వేళ్ళకు అది పనికిరాదు. ఖాళీ నిపుల్ మీద హ్యామర్‌ను టకటక కొట్టి చూపించే అమ్మకందారును ఆపండి, అలా చేస్తే నిపుల్ కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

తుపాకి నప్పిందో లేదో తెలుసుకోవడానికి గదిలో ఒక మూల చూపు నిలిపి, కళ్ళు మూసుకుని, తుపాకిని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. రిబ్ మీదుగా ముందున్న పూస ఆ మూలవైపే ఉండాలి. పాత తుపాకుల మడమ ఎక్కువగా కిందికి వంగి ఉంటుంది కాబట్టి తల పైకి లేచిపోవచ్చు. ఇప్పటి తుపాకులకు అలవాటుపడ్డవారు ఈ తేడాను బాగా గమనించాలి. ట్రిగ్గర్ నుంచి మడమ చివరి దాకా 14 అంగుళాల చుట్టుపక్కల చాలామందికి సరిపోతుంది. గొట్టాల పొడవు 28 నుంచి 32 అంగుళాల దాకా దొరుకుతుంది. తుపాకిమందుకు 30 దాటిన పొడవు వల్ల ఒరిగే బలం తక్కువ, ఎగిరే పక్షి వెంట తుపాకి నిదానంగా తిరగడానికే పొడవు ఉపయోగం. మడమను నేల మీద ఆనించి నిలబెట్టినప్పుడు మూతి మీ ఛాతీ దగ్గర ఉండి, ముఖాన్ని పక్కకు పెట్టుకుంటూనే చేతులతో మందు పోయడానికి వీలుండాలి. పొట్టివారికి 32 అంగుళాల గొట్టంతో ఇది కుదరదు.

కొనుగోలు ఖరారు చేసే ముందు కాల్చి చూసే షరతు పెట్టుకోవాలి. మొదట తయారీదారు చెప్పిన కనిష్ఠ మోతాదుతో, పాతదైతే గన్‌స్మిత్ సరే అన్న తర్వాత, 25 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి, మధ్యలో ఒక నల్లచుక్క పెట్టి, ఒక్కో గొట్టంతో వేర్వేరు కాగితాలపై మూడేసి సార్లు కాల్చండి. రెండు గుంపుల నడిబొడ్డులూ దాదాపు ఒకేచోట పడాలి. ఒక గొట్టం అడుగు దూరం పక్కకు కొడుతుంటే, గొట్టాలను అతికించేటప్పుడే తప్పు జరిగింది, దాన్ని తర్వాత సరిచేయడం అయ్యేపని కాదు. గుంపు నడుమ ఖాళీగా, చుట్టూ పెల్లెట్లతో గారెలా కనిపిస్తే అది గొట్టం తప్పు కాకపోవచ్చు. మందు కాస్త తగ్గించినా, బిళ్ళల వరుస మార్చినా తరచూ పూడుతుంది.

చివరి పరీక్ష జంట గొట్టాలకే ప్రత్యేకం. రెండింటినీ దట్టించి, ఎడమ గొట్టం నిపుల్ మీద క్యాపు పెట్టకుండా, కడ్డీని అందులోకి దించి మూతి దగ్గర గుర్తు పెట్టుకోండి. తర్వాత కుడి గొట్టానికి మాత్రం క్యాపు పెట్టి పేల్చండి. ఆ హ్యామర్ దిగి ఉండగానే, మూతిని ఎదుటికే ఉంచి, ఒక నిమిషం ఆగి, కడ్డీని మళ్ళీ ఎడమ గొట్టంలోకి దించండి. కడ్డీ మీది గుర్తు మూతి అంచుకన్నా పైకి వచ్చిందంటే, కుడి గొట్టం అదురుకు ఎడమలోని పెల్లెట్లు ముందుకు జారాయి. మందుకూ పెల్లెట్లకూ నడుమ ఏర్పడ్డ ఆ ఖాళీతో పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు కూడా. పెల్లెట్ల మీది బిళ్ళ వదులు కావడమే సాధారణంగా దీనికి కారణం. కాస్త మందపు అట్టతో, లేదా కొలత ఒక మెట్టు పెంచి ఇదే పరీక్ష మళ్ళీ చేయండి, తర్వాత గొట్టాలు తారుమారు చేసి చేయండి. రెండు వైపులా గుర్తు కదలకుండా నిలిచిన బిళ్ళ కొలతను తుపాకి పెట్టె మూత లోపల రాసి ఉంచుకోండి, ఆ కొలత దొరకనంత వరకు ఆ తుపాకితో ఒక్కసారికి ఒక్క గొట్టమే దట్టించండి.